అమ్మ పాత కోటు

అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం చూడబోయిన వాళ్లు బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ పక్కన కూర్చుని ఫొటో దిగకుండా రారు. కాలేజ్ పార్క్‌లో స్టూడెంట్ యూనియన్ భవనం బయట ఎర్ర గ్రానైట్ బెంచీ, దాని మీద కంచు హెన్సన్, తోడుగా ఆయన బొమ్మ కెర్మిట్ కప్ప. జే హాల్ కార్పెంటర్ చేసిన ఈ శిల్పాన్ని 2003 సెప్టెంబర్ 24న, అంటే హెన్సన్ పుట్టినరోజున, ఆవిష్కరించారు. ఖర్చు పెట్టుకున్నది 1994, 1998, 1999 బ్యాచ్‌ల విద్యార్థులు. హెన్సన్ 1990లోనే, 53 ఏళ్లకే కన్నుమూశారు.

నేను హోం సైన్స్ చదివాను. ‘‘కుట్లూ అల్లికలూ నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకే?’’ అని మా పెదనాన్న చివరిదాకా అంటూనే ఉండేవారు. హెన్సన్ 1960లో మేరీలాండ్‌లో పుచ్చుకున్న పట్టా హోం ఎకనమిక్స్‌లోనే, అంటే మా హోం సైన్స్‌లోనే. ఆయన గురించి రాసేవాళ్లు చాలామంది దాన్నొక వింతగా చెప్పి దాటిపోతారు. అసలు కథ అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ రోజుల్లో అక్కడ బొమ్మలాట పాఠం చెప్పింది హోం ఎకనమిక్స్ విభాగంలోనే. జేన్ నెబెల్ పరిచయమైందీ ఆ తరగతిలోనే. ముందు ఆటలో జోడీ, 1959లో భార్య. సూదీదారం మీద ఇష్టం మాత్రం అంతకుముందే ఉంది. ఆయన అమ్మమ్మ బొమ్మలు గీసేది, బొంతలు కుట్టేది. 1955లో, ఇంకా మొదటి ఏడాది విద్యార్థిగా ఉండగానే, వాషింగ్టన్ టీవీలో ‘శామ్ అండ్ ఫ్రెండ్స్’ అనే ఐదు నిమిషాల కార్యక్రమం దొరికింది. దానికోసం అమ్మ వాడి పక్కన పెట్టిన కోటు కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండుగా కోసి కళ్లుగా పెట్టి కుట్టిన బొమ్మే కెర్మిట్. అప్పటికింకా కప్ప కాదు, బల్లిలాంటి ఏదో జీవి.

గుడ్డను ఎంచుకోవడంలోనే ఆయన ప్రతిభ ఉంది. చెక్కముఖానికి ఒకటే కవళిక. మెత్తని గుడ్డలో వేళ్లు ముడిస్తే మూతి ముడుచుకుంటుంది, చాపితే నవ్వుతుంది. మన తోలుబొమ్మను జనం దూరాన కూర్చుని తెరమీద చూస్తారు కాబట్టి దానికి కీళ్ల కదలిక, వెనకనుంచి పాడే గొంతు ముఖ్యం. టీవీ కెమెరా అలా కాదు, ముఖంలోకి వచ్చేస్తుంది. అది గ్రహించిన హెన్సన్ బొమ్మలకు వేరే వేదిక కట్టలేదు, టీవీ చట్రాన్నే వేదిక చేసుకున్నారు. ఆడించేవాళ్లు కెమెరాకు అందకుండా కింద ఉండి, చేతులు పైకెత్తి, తమ బొమ్మ ఎలా కనబడుతోందో మానిటర్‌లో చూసుకునేవారు. ఆయన బొమ్మలు తర్వాత కనిపించిన ‘సెసమీ స్ట్రీట్’, ‘మపెట్ షో’ లాంటి టీవీ కార్యక్రమాలన్నిటికీ ఇదే పద్ధతి.

విగ్రహానికి ఎంచుకున్న చోటు కూడా నాకు నచ్చింది. చదువుకునే రోజుల్లో హెన్సన్ స్టూడెంట్ యూనియన్‌లోనే సిల్క్‌స్క్రీన్ పోస్టర్లు అచ్చువేసే వ్యాపారం నడిపారు. సిల్క్‌స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన గుడ్డలోంచి రంగు దించడం. మా హోం సైన్స్‌లో నేర్పే పనుల్లో అదీ ఒకటి.