వలందా కుంఫిణీ

బందరులో వలందపాలెమను పేట యొకటి కలదు. ఆ పేరు పలుకువారిలో అది యొక జాతిని తెలుపునని యెఱిగినవారు కొలదిమందియే. హాలెండు దేశస్థులను మన పెద్దలు వలందావారనిరి. ఇంగ్లీషు కుంఫిణీ కథను మన బాలురు బడులలో వల్లింతురు; దానికంటె ముందే తెలుగుతీరమున కాలూని, తొలినాళ్లలో దానిని మించిన ధనము గడించిన యీ కుంఫిణీని మాత్రము మనము మఱచితిమి.

1602లో ఆరు పట్టణముల వర్తకులు ఏకమై సుమారు 64 లక్షల గిల్డరుల మూలధనముతో దీనిని స్థాపించిరి. 17 మంది పెద్దలు దీనికి పాలకులు. వారి ప్రభుత్వ మిచ్చిన పట్టాలో వర్తకపు హక్కు మాత్రమే యున్నచో మన మీ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోవును. సంధులు చేసికొనుటకు, కోటలు కట్టుటకు, సైన్యము నుంచుటకు గూడ అందులో అధికారముండెను. లాభము కోరువాని చేతికి కత్తి యిచ్చి, లెక్క యడుగవలసినవారు నెలల తరబడి ప్రయాణదూరమున కూర్చుండిరి.

వారు వచ్చినది జాజికాయ, జాపత్రి, లవంగముల కొఱకు. అవి పండు దీవుల ప్రజలు వెండికంటె మన తీరపు బట్టల నెక్కువగా కోరుచుండిరి. కావున మసాలాకు బట్ట, బట్టకు తెలుగు సాలెవాడు కావలసివచ్చెను. 1606 నాటికి గోల్కొండ సుల్తాను అనుమతితో బందరున, నిజాంపట్టణమున వారి కొట్లు వెలసినవి. 1610లో పులికాటున చోటు దొరకెను. చిరివేరుతో ఎఱ్ఱరంగు వేసిన మన బట్టలు ఓడలెక్కి తూర్పుదీవులకు సాగెను.

ఆ దీవులలో జరిగినదేమి? జాజికాయ పండు బాందా దీవులను 1621లో గవర్నరు జనరలు కూన్ సైన్యముతో ముట్టడించెను. అక్కడి ప్రజలు ఇతర వర్తకులకు సరకమ్ముటయే వారి నేరము. సుమారు 15 వేల జనములో మిగిలినవారు వేయి మందికి మించలేదందురు. కొందఱు కత్తికి, కొందఱు ఆకలికి బలియైరి. కొందఱిని బానిసలుగా బతావియాకు తరలించిరి. పిదప ఆ తోటలను తమవారికి పంచి, బానిసలచే సేద్యము చేయించిరి.

బానిసల మాట వచ్చినది గనుక మనకు నొప్పి కలిగించు సంగతి దాచరాదు. 17వ శతాబ్దపు కరవులలో ఈ కోరమాండల్ తీరమునుండియు వేలకొలది మనుష్యులు బతావియాకు ఎగుమతియైరి. పులికాటు అందుకొక ముఖ్యమైన రేవు. తిండిలేక బిడ్డల నమ్ముకొన్న తల్లిదండ్రులను మనము నిందింపజాలము. కాని నడుమ నిలిచి తరుగు తిన్న దళారులు మన దేశస్థులే. కొన్నవారిని దూషించుచు అమ్మినవారిని విడిచిపెట్టుట చరిత్ర కాదు.

1641లో మలక్కా, 1658 నాటికి సింహళ తీరము, 1663లో కొచ్చి వారి వశమయ్యెను. పతనమునకు కారణములు పెక్కు. జీతములు స్వల్పము, ఉద్యోగులు కుంఫిణీ ఓడలలోనే సొంత సరకు దాచి యమ్ముకొనిరి. మసాలాల గిరాకి పూర్వమువలె లేదు. బట్టల బేరములో ఇంగ్లీషువారు మించిపోయిరి. 1741లో కొళచ్చెల్ వద్ద తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ, 1759లో వంగదేశమున ఇంగ్లీషువారు వీరి నోడించిరి. వింత యేమనగా, అప్పు తెచ్చియైనను వాటాదార్లకు లాభము పంచుట మానలేదు! 1780 మొదలు 1784 వఱకు ఇంగ్లీషువారితో సాగిన యుద్ధముతో నడుము విఱిగెను. 1796లో ప్రభుత్వము దానిని స్వాధీనపఱచుకొనగా, 1799 డిసెంబరు 31తో పట్టా ముగిసెను. కుంఫిణీ ముద్రలోని మూడక్షరములకు అవినీతిచే నశించినదని వారి దేశస్థులే అర్థము చెప్పుకొనిరి.

భీమునిపట్టణము, జగన్నాథపురము, పాలకొల్లు మొదలగు స్థలములు 1825లో ఇంగ్లీషు కుంఫిణీకి దఖలుపడెను. అప్పటికి వలందా కుంఫిణీ పోయి పాతికేండ్లు.