యాంజియోగ్రామ్ ఆపరేషన్ కాదు, పరీక్ష: ఎలా చేస్తారు? ఏం అడగాలి?

ఛాతీ నొప్పి అని వెళ్తే డాక్టర్ యాంజియోగ్రామ్ చేయాలంటారు. ఆ మాట వినగానే గుండె ఆపరేషన్ అనుకుని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. నిజానికి ఇది పరీక్ష మాత్రమే. ఛాతీ కోయరు, పూర్తి మత్తు కూడా ఇవ్వరు.

ఎలా చేస్తారు?
మణికట్టు దగ్గర గానీ, తొడ మొదట్లో గానీ చర్మానికి తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. అక్కడి రక్తనాళంలోంచి సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉండే గొట్టాన్ని గుండె దాకా పంపుతారు. అదే క్యాథెటర్. దాని ద్వారా అయోడిన్ ఉన్న డై వదిలి ఎక్స్‌రేలో చూస్తారు. రక్తనాళం ఎక్కడ సన్నబడిందో తెరమీద కనిపిస్తుంది. రోగి మెలకువగానే ఉంటారు. డై వెళ్లేటప్పుడు ఒళ్లు వేడెక్కినట్టు అనిపించొచ్చు. పరీక్ష మామూలుగా అరగంట లోపే అయిపోతుంది.

1929లో జర్మన్ డాక్టర్ వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి నరంలోంచి తన గుండెలోకే గొట్టం పంపుకున్నారు. ఈ పద్ధతికి దారి అలా పడింది. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ముందే చెప్పాల్సినవి
కిడ్నీ జబ్బు, షుగర్ మందులు (ముఖ్యంగా మెట్‌ఫార్మిన్), రక్తం పలచబడే మందులు, అలర్జీలు, గర్భం ఉంటే తప్పక చెప్పాలి. డై కిడ్నీల మీద భారం వేస్తుంది కాబట్టి ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. తర్వాత నీళ్లు ఎంత తాగాలో డాక్టర్ చెబుతారు. రంజాన్‌లో అయితే రోజా గురించి కూడా ముందే అడగండి.

స్టెంట్ వేయమంటారా?
పరీక్ష మధ్యలోనే డాక్టర్ బయటికొచ్చి ఈ మాట అడగొచ్చు. గుండెపోటు నడుస్తుంటే ఆలస్యం చేయకూడదు, ప్రతి నిమిషం విలువైనదే. గుండెపోటు కాకుండా, నొప్పి చాలాకాలంగా ఒకేలా ఉంటే మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి: ఏ రక్తనాళం? ఎంత శాతం మూసుకుంది? మందులతో సరిపోతుందా? బైపాస్ మేలా? పరీక్షకు ముందే ఇంట్లో మాట్లాడుకుంటే అప్పటికప్పుడు తడబడక్కర్లేదు.

తర్వాత
గొట్టం పెట్టిన చోట రక్తం కారినా, వాపు పెరిగినా గట్టిగా నొక్కిపట్టి వెంటనే డాక్టర్‌ని పిలవాలి. స్టెంట్ వేస్తే, ఇచ్చిన మాత్రలు డాక్టర్‌ని అడగకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.