సీనీయులు చైనీయులేనా?

ఆదికాండము 10:17లోని ‘సీనీయులు’ అను మాటను బట్టి చైనీయులను కనాను సంతతి అని, శాపగ్రస్తులని కొందరు బోధిస్తారు. అయితే ఆ వరుసలోని అర్కీయులు, అర్వాదీయులు లెబానోను, సిరియా తీరవాసులు. యెషయా 49:12లోని సీనీయుల దేశమో, 1947లో వెలుగుచూసిన కుమ్రాను గ్రంథపు చుట్టను బట్టి ఐగుప్తులోని సెవేనే.

చైనాలో అత్యధికులు తమను హాన్ ప్రజలమంటారు. అది క్రీ.పూ. 206లో మొదలైన రాజవంశపు పేరు. వారి లిపి అంతకన్న పాతది. అన్యాంగ్‌లో దొరికిన ఎముకలపై సుమారు క్రీ.పూ. 1200 నాటి షాంగ్ రాజుల ప్రశ్నలున్నవి. ‘చీనా’ మాత్రం చిన్ రాజ్యాన్ని బట్టి పరులు పిలిచిన పేరని పలువురి అభిప్రాయం.

పరభాషలో పేర్లు నిలుస్తాయా? 7వ శతాబ్దంలో మన ప్రాంతానికి వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్ ఆంధ్రను ‘అన్-తా-లో’ అనీ, రాజధానిని ‘పింగ్-కి-లో’ అనీ వ్రాశాడు. అది వేంగి, అనగా ఏలూరు చెంతనున్న పెదవేగి అని చరిత్రకారులు గుర్తించారు. మన పలుకు మధ్యదేశపు పలుకుకు వేరని, అక్షరాలు మాత్రం దాదాపు ఒకటేనని కూడ ఆయన గమనించాడు.