ఒకే కీబోర్డు – రెండు లిపులు

పావగడ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి పేరులోనే సరిహద్దు జీవనం ప్రతిబింబిస్తుంది. ‘హళ్లి’ కన్నడ పదం. తుమకూరు జిల్లాకు చెందిన ఈ తాలూకాను చాలవరకు ఆంధ్రప్రదేశ్ భూభాగమే చుట్టుముట్టి ఉన్నది. ఈ ప్రాంతంలో ఇంటి మాట ఎక్కువగా తెలుగు. కార్యాలయపు వ్రాత కన్నడం. ప్రాచీన తెలుగు-కన్నడ ఉమ్మడి లిపి నుండి విడివడిన ఈ రెండు లిపులు యంత్రయుగంలో ఎదుర్కొన్న కష్టాలూ ఒక్కటే.

1874లో రెమింగ్టన్ సంస్థ విక్రయించిన టైపురైటరు ఇంగ్లీషు అక్షరాల కోసం రూపొందినది. ఆ భాషకు 26 అక్షరాలు చాలును. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కావాలి. అందువల్ల తెలుగు టైపురైటరులో అక్షరాన్ని ముక్కలుగా విడగొట్టి, తలకట్టు, గుడి, ఒత్తు వేరువేరుగా కొట్టి అతికించవలసి వచ్చింది. తరువాత వచ్చిన డి.టి.పి. ఫాంట్లు కంప్యూటరు తెర మీద అందమైన అక్షరాలను చూపాయి గాని, లోపల నిల్వ చేసినవి ఇంగ్లీషు సంకేతాలనే. ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో అదే వ్యాసం అర్థంలేని గుర్తుల వరుసగా మారిపోయేది.

ఈ చిక్కును విప్పిన మార్గం భారతదేశంలోనే రూపొందింది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ చేపట్టిన ‘ఇన్‌స్క్రిప్ట్’ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ప్రధానంగా కుడిచేతి వైపు ఉంటాయి. భాష మారినా అదే ధ్వనికి అదే మీట. 1991లో ‘ఇస్కీ’ సంకేత ప్రమాణం వెలువడింది. అదే సంవత్సరం వచ్చిన యూనికోడ్ ఇస్కీ 1988 నాటి రూపపు వరుసను ఆధారంగా గ్రహించి, తెలుగుకు 128 స్థానాలు, దాని వెంటనే కన్నడానికి 128 స్థానాలు కేటాయించింది. తెలుగు ‘క’ స్థానానికి 128 కలిపితే కన్నడ ‘క’ లభిస్తుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగుకు ‘గౌతమి’, కన్నడానికి ‘తుంగ’ అనే ఫాంట్లు వచ్చాయి. రెండు నదుల పేర్లు ఒకే యంత్రంలో చేరాయి.

ఊరి పేరునే ఉదాహరణగా తీసుకొనవచ్చు. వెంకటమ్మనహళ్లి చూపునకు ఏడక్షరాలు. యూనికోడ్‌లో అవి పద్నాలుగు సంకేతాలు: వ, ఎత్వం, సున్న, క, ట, మ, పొల్లు, మ, న, హ, ళ, పొల్లు, ల, గుడి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఇదే పేరును కన్నడంలో కొట్టినా మీటలు అవే. ఒక్క చోట మాత్రం తేడా: కన్నడిగులు ‘ళ’కు ‘ళ’ ఒత్తు వ్రాస్తారు గనుక పదమూడవ మీట మారుతుంది.

అరుదైన అక్షరాలకు మాత్రం ఆలస్యం జరిగింది. బండి ‘ఱ’ మొదటినుండి ఉన్నది. ‘చ, జ’ల దంత్యోచ్చారణను చూపే ‘ౘ, ౙ’లకు 2008లో, యూనికోడ్ 5.1తో గాని చోటు లభించలేదు. పక్కపక్కన వచ్చే హల్లులు కలిసిపోకుండా ఆపడానికి కంటికి కనిపించని సంకేతం ఒకటి ఉన్నది. ‘కంప్యూటర్‌లో’ అన్న మాటలో ‘ర’ కింద ‘ల’ ఒత్తు పడకుండా కాపాడేది అదే.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతులూ ప్రచారంలో ఉన్నాయి. 1990 దశకంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. విధానంలో ‘ళ’, ‘ణ’లకు పెద్దబడి అక్షరాలు నియమించారు. ఆ నియమం పాటించినంతవరకు నష్టం లేదు. నియమమేదీ లేకుండా ఇంగ్లీషు లిపిలోనే తెలుగు వ్రాసే అలవాటు వల్ల మాత్రం ‘కల’కు, ‘కళ’కు భేదం చెరిగిపోతున్నది. సరిహద్దు గ్రామపు బిడ్డ పేరు రెండు భాషల పత్రాలలో ఎక్కాలి. ఒక దానిలో అక్షరం తప్పితే ఆ తప్పు ధ్రువపత్రం వెంట జీవితాంతం నడుస్తుంది.

ఒక అమరిక నేర్చిన విద్యార్థికి రెండు లిపులూ చేతికి వస్తాయి. పాఠశాల దస్తావేజులు, పాత సంచికలు యూనికోడ్‌లోకి మారినప్పుడే రాబోయే తరం వాటిని చదవగలదు, తమ పెద్దల పేర్లను వెదకి పట్టుకొనగలదు.