రంపమన్యము: ఫితూరీయా, మొరయా?

మారేడుమిల్లి కొండలు రంపమన్యములోనివి. 1879లో ఇచ్చటి కొండవారు కల్లుపన్నును, మన్సబుదారుని దోపిడిని సహింపలేక తిరుగబడిరి. దొరతనమువారు దానిని ఫితూరీ యనిరి; మేమును బాల్యమున నట్లే చదివితిమి. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడుసేద్యమును కట్టడిచేసెను. ఆ బాధకు వెట్టిచాకిరి తోడుకాగా, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యము మరల లేచెను.

1997లో విల్లంబు లెత్తలేదు. బొర్రా ప్రాంతపు గనులవిషయమై సమత యను సంస్థ న్యాయస్థానముల కెక్కగా, షెడ్యూలు ప్రాంతములలో ప్రభుత్వభూమిని సయితము గిరిజనేతరులకు గనులకై కౌలు కియ్యరాదని సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను.

అయినను, చదువురాని గూడెమునకు తీర్పు వట్టి కాగితమే. చదువుకొన్న మనము జాలి చూపనక్కరలేదు. గ్రామసభలో కూర్చుండి దానిని చదివి వినిపించిన చాలును.