ఓడ పగిలినవారికి అభయము



మన ఓరుగల్లుకు సముద్రం లేదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులే మనకు తెలిసిన పెద్ద నీళ్ళు. అయినా ఓడలను గూర్చిన గొప్ప మాట ఒకటి ఓరుగల్లు సింహాసనం నుండే వెలువడింది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు కాకతీయుల రేవు. అక్కడ గణపతిదేవుడు 1244వ సంవత్సరంలో ఒక శాసనం వేయించాడు. దానిని అభయ శాసనమని పిలుస్తారు.

దానిలో ఏమున్నది? అంతకు ముందున్న రాజులు, తుఫానులో చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకొనేవారు. బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు ఏవీ వదిలేవారు కాదు. ప్రాణాలకు తెగించి సముద్రంమీద వచ్చిన వర్తకుని సగం గాలి దోచుకుంటే, మిగతా సగం రాజు దోచుకొనేవాడన్నమాట. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని ఆపాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పయిలో ఒక వంతు.

ప్రియులారా, ఓడ పగిలినవానిని మళ్ళీ దోచుకోవద్దు అన్నదే ఆ శాసనం సారాంశం. ఈ మాటను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

అదే శతాబ్దం చివర వెనిస్ నగరపు యాత్రికుడు మార్కో పోలో మన దక్షిణ తీరాలను గూర్చి వ్రాశాడు. తమిళ తీరంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారిని గూర్చి ఆయన చెప్పిన సంగతి వినండి. పెద్ద చేపలు తమను పట్టుకుంటాయని ఆ మనుష్యులకు భయం. అందుకని చేపల నోరు కట్టే మంత్రగాళ్ళను వెంట తీసుకొని వెళ్ళేవారు. ఆ మంత్రం పగలు మాత్రమే పనిచేస్తుందట, రాత్రికి వాళ్ళే దానిని విప్పేస్తారట. ఇందుకు వారికి దొరికిన ముత్యాలలో ఇరవైలో ఒక వంతు ఇవ్వాలి.

లెక్క చూడండి. ఓరుగల్లు రాజు సరుకుమీద తీసుకొన్న సుంకం ముప్పయిలో ఒక వంతు. మంత్రగాడు ముత్యాలమీద తీసుకొన్నది ఇరవైలో ఒక వంతు. రాజుకు కట్టే పన్నుకంటె భయానికి కట్టే పన్ను ఎక్కువ! ఈనాటికీ ఎన్నో ఇళ్ళలో లెక్క ఇలాగే ఉంది.

సముద్రంమీద బ్రతికేవారికి భయం ఎందుకు ఎక్కువో మనం అర్థం చేసుకోవాలి. గాలి వారి చేతిలో లేదు, చేప వారి చేతిలో లేదు. చేతిలో లేనిదానిని పట్టుకోవాలని మనిషి శకునాలను పట్టుకుంటాడు. ఇంగ్లాండు నావికులు శుక్రవారం ప్రయాణం మొదలుపెట్టడానికి జంకేవారు. ఓడమీద ఈల వేస్తే గాలివాన వస్తుందని నమ్మేవారు. అయితే ఆ దేశపు ఓడలు అనేకం మునిగిపోవడానికి కారణం వేరు. యజమానులు పాత ఓడలకు బీమా చేయించి, మోయలేనంత సరుకు ఎక్కించి పంపేవారు. శామ్యూల్ ప్లిమ్సోల్ అనే పార్లమెంటు సభ్యుడు దీనిమీద పోరాడగా 1876లో చట్టం వచ్చింది. నీరు ఎంతవరకు రావచ్చో ఓడ ప్రక్కన గుర్తు వేయాలన్నారు. శుక్రవారాన్ని నిందించినంత కాలం ఆ యజమానులను ఎవరూ అడగలేదు.

మన తీరంలోనూ చూశాము. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు ముందుగా హెచ్చరించి లక్షల మందిని తరలించారు. ఆస్తి నష్టం అపారమే గాని ప్రాణ నష్టం పదుల సంఖ్యలోనే ఆగింది. దేవుడిచ్చిన జ్ఞానాన్ని, పొరుగువాని మీద ప్రేమను కలిపి వాడితే ఎంత మేలో చూడండి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. తుమ్ము వినబడితే కూర్చుంటాము. పిల్లి అడ్డం వస్తే వెనక్కి తిరుగుతాము. ఇవి చిన్నవే కదా అంటారా? అయితే వల భుజాన వేసుకొని చెరువుకు బయలుదేరినవానికి భర్త లేని స్త్రీ ఎదురైతే? చేప పడని దినాన ఆ నింద ఎవరిమీద పడుతుంది? చెరువులో నీళ్ళు తగ్గాయని ఎవరూ అనరు, వల చిరిగిందని అనరు. ఆమె ఎదురు వచ్చిందంటారు! మరికొన్ని పల్లెల్లో బిడ్డకు జ్వరమొస్తే, గొడ్డు చచ్చిపోతే, ఫలానావాడు బాణామతి చేశాడంటారు. ఆ అనుమానంతో పళ్ళు ఊడగొట్టిన సంగతులు, మనుష్యులను సజీవంగా కాల్చిన సంగతులు మన తెలంగాణ పత్రికలలో ఎన్నిసార్లు చదవలేదు? భయం మొదట డబ్బు అడుగుతుంది, తరువాత ఒక మనిషిని అడుగుతుంది.

భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఓడ పగిలిన మనిషి. సగం మరణం తీసుకొనిపోయింది. మిగిలిన గౌరవాన్ని మనం దోచుకోవచ్చునా? మోటుపల్లి రేవును ఏలిన రాణిని గూర్చి మార్కో పోలో వ్రాస్తూ, ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకొన్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. విధవరాలని తలంచి కూడా ఆ పరదేశి ఆమె న్యాయాన్ని, సమాధానపు పరిపాలనను మెచ్చుకొన్నాడు. అశుభమని ఎక్కడా వ్రాయలేదు.

పరిశుద్ధ గ్రంథంలో యోనా మొదటి అధ్యాయం తెరవండి. తుఫానులో నావికులు చీట్లు వేశారు. చీటి యోనా మీదికి వచ్చింది. చీటి నిజమే చెప్పింది కదా అని మీరు అడగవచ్చు. అయితే వారు ఏమి చేశారో గమనించండి. వెంటనే పడవేయలేదు. నీవెవరవని అడిగారు. యోనా తన తప్పు తానే ఒప్పుకొని, నన్ను పడవేయండి అన్నాక కూడా, అతనిని బ్రతికించాలని ఒడ్డుకు చేరేందుకు తెడ్లు బలంగా వేశారు. నిర్దోషి రక్తం తమమీద పడకూడదని ప్రార్థించారు. దేవుని ఎరుగని ఆ ఓడవారికున్న కనికరం, రుజువు లేకుండా ఒకరిని వెలివేసే మనకు ఉన్నదా?

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో, ఓడ పగిలి మెలితే ద్వీపం చేరిన పౌలు చేతిని పాము పట్టింది. చూసినవారు ఇతడు నరహంతకుడన్నారు. అతడు చావకపోయేసరికి దేవుడన్నారు. ఒక్క పాము, రెండు తీర్పులు, రెండూ తప్పే! మూడు నెలల తరువాత పౌలు ఎక్కిన ఓడమీద నావికులు కొలిచే జంట దేవతల గుర్తు ఉన్నది. అయినా అతడు జంకక ఎక్కి రోమాకు ప్రయాణమయ్యాడు. తాను ఎవరివాడో అతనికి తెలుసు.

సహోదరులారా, ఇతరులను ఎత్తిచూపి ఊరుకోవడానికి ఇది వ్రాయలేదు. మన సంఘాలలో దిష్టికి నిమ్మకాయ కట్టము గాని, చదవని బైబిలును దిండు క్రింద పెడతాము. పెండ్లి తేదీ పాస్టరుగారిని అడిగేముందు చాటుగా పంచాంగం అడిగిస్తాము. అన్నిటికంటె బాధాకరమైనది ఒకటి ఉంది. గుడిలో పెండ్లి జరుగుతుంటే, ఆ బిడ్డను ఒంటరిగా పెంచి పెద్దచేసిన విధవరాలైన తల్లి తనంతట తానే వెనుక బల్లమీద కూర్చుంటుంది. ఎవరూ ఆమెను ముందుకు పిలవరు. పుట్టు గ్రుడ్డివానిని చూసి, ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేశాడు. నాయీను ఊరి గవిని దగ్గర విధవరాలు ఎదురైనప్పుడు ఆయన వెనుదిరగలేదు. కనికరపడి ఆమె దగ్గరకు వెళ్ళాడు.

యోనాకంటె గొప్పవాడు మన నిమిత్తం తానే తుఫానులోనికి దిగాడు. ఇక మన భయానికి మరొక మనిషిని బలి ఇవ్వనక్కరలేదు. రాబోయే పెండ్లిలో ఆ తల్లి చెయ్యి పట్టుకొని ముందుకు తీసుకొనిరండి. మొదటి దీవెన ఆమె నోట పలికించండి. మన ఓరుగల్లు రాజు పరదేశులకు అభయమిచ్చాడు. రాజులకు రాజును ఎరిగిన మనము మన ఇంటివారికి ఇవ్వలేమా?

అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.