పాలకొల్లు కలం, పరదేశీ ఫర్మాయిష్

రాజమండ్రిలో మా భాంజీ ఇంట్లోనే ఖత్తాతీ ఫ్రేములు చేసి అమ్ముతుంది. నిఖాకి దుల్హా దుల్హన్ పేర్లు, కొత్త ఇంటికి ఆయతులు, ఎవరి ఫర్మాయిష్ వారిది. మొన్న ఒకరు ఫ్రేము పూర్తయ్యాక "రంగు నచ్చలేదు, పేష్గీ వాపస్ ఇచ్చేయండి" అన్నారు. "మామూ, వేరేవాళ్ల పేరు రాసిన ఫ్రేము నేనెవరికి అమ్ముకోను?" అని అది కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఈ సవాల్ మన గోదావరి గడ్డకు కొత్తది కాదు.

కలంకారీ అనే మాటే ఫార్సీ. కలం పట్టి చేసే కారీగరీ అది. కుతుబ్‌షాహీల జమానాలో గోల్కొండ సరుకు మచిలీబందరు నుంచి ఓడల్లో ఇరాన్ వెళ్లేది. తర్వాత డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చారు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చి కోఠీలు వెలిశాయి. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కోఠీ ఉండేది. ఆ ఊరి పేరే 'మదపోలం' అనే బట్టకు పేరై దేశదేశాలు తిరిగింది.

డచ్చి కంపెనీలో పనిచేసిన డేనియల్ హావర్ట్ 1693లో అచ్చయిన తన కితాబులో పాలకొల్లు చిత్రకారుల సబ్ర్‌ని చూసి తాజ్జుబ్ పడ్డాడు. పని నత్తనడకన సాగుతుందని రాశాడు. సాగక ఏంచేస్తుంది? బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టాలి. సూదితో చిల్లులు పెట్టిన ఖాకా మీద బొగ్గుపొడి అద్ది గీతలు దించాలి. పాత ఇనుము, బెల్లం ఊరబెట్టి నలుపు తీయాలి. పటిక రాసిన చోట చిరివేరు ఉడుకులో ఎరుపు తేలుతుంది. నీలిమందు తగలకూడని చోటల్లా మైనం పూయాలి. ప్రతి మంజిల్ తర్వాతా పారే నీటిలో ఉతుకు, ఎండలో ఆరబెట్టు.

ఇంత మెహనత్ పరదేశీ పసందు మీద ఆధారపడింది. కంపెనీలు నమూనాలు పంపేవి. ఎర్ర నేల తగ్గించి తెల్ల నేల మీద పూలు వేయించమని 1643లోనే లండన్ పెద్దలు సూరత్ కోఠీకి రాశారు. ఆ పసందే కోరమాండల్ తీరానికీ వచ్చింది. ఇంతలో అక్కడి నేతగాళ్ల గొడవతో 1686లో ఫ్రాన్స్, 1700లో, మళ్లీ 1720లో ఇంగ్లండ్ ఈ బట్టల మీద పాబందీ పెట్టాయి. ఇంగ్లండ్‌లో వేరే దేశాలకు పంపుకోడానికి మాత్రం ఇజాజత్ మిగిలింది. ఎక్కడో చట్టం మారితే ఇక్కడి కారీగర్ రోజీ కదిలింది.

పేష్గీ సంగతీ అంతే. అది లేనిదే బట్ట, రంగు కొనలేడు. తీసుకుంటే సరుకు ఇచ్చినవాడికే, వాడు చెప్పిన ధరకే. మధ్యలో దలాల్ వేరే. 18వ శతాబ్దం ఆఖరుకి కంపెనీ ఈ పేష్గీనే జంజీరుగా మార్చింది. గోదావరి ప్రాంతపు నేతగాళ్లు దాని జుల్మ్ మీద తిరగబడ్డారు కూడా.

మన ఫిఖహ్‌లో ఇలాంటి ఫర్మాయిష్ సౌదాని ఇస్తిస్నా అంటారు. సరుకు చూశాక కాదనే హక్కు చేయించుకున్నవాడికి ఉందని ఇమామ్ అబూ హనీఫా రాయ్. చెప్పిన ప్రకారం చేసి ఇస్తే ఆ హక్కు లేదని ఆయన షాగిర్ద్ ఇమామ్ అబూ యూసుఫ్ రాయ్. ఒకరి కోసం చేసిన వస్తువును ఇంకొకరు కొనకపోవచ్చు, కారీగర్ నష్టపోతాడు అన్నది ఆయన దలీల్. ఉస్మానీ సల్తనత్‌లో 1869-76 మధ్య తయారైన 'మజల్లా' అబూ యూసుఫ్ మాటనే కానూన్‌గా తీసుకుంది. అయితే షర్త్ ఒకటి: ఏం కావాలో ముందే సాఫ్‌గా తేలాలి.

భాంజీకి ఇదే చెప్పాను. పేష్గీ రంగులకూ ఫ్రేముకూ సరిపడా తీసుకో, నిన్ను కట్టిపడేసేంత వద్దు. ఖాకా వాళ్లకు చూపించు. కొలత, రంగు, హర్ఫులు, తారీఖు రాసి సంతకం తీసుకున్నాకే కలం ముట్టు.

మర్నాడే ఒక నోటుబుక్కు కొంది. మొదటి పేజీలో మొదటి సంతకం నాదే. మా ఇంటి దర్వాజాకి ఒక 'బిస్మిల్లా' ఫర్మాయిష్ ఇచ్చాను. మామూ కదా అని రియాయత్ అడగలేదు.